టెండరు కాగితముల వెనుక

పట్టభద్రులగు యువజనులకు ఇంగ్లండునందు అంతగా పేరునకెక్కని కొలువొకటి గలదు. 2013 ఏప్రిలు మొదలు మద్యపాన, మాదకద్రవ్య వ్యసనముల చికిత్సను ఏర్పాటుచేయు భారము అచటి కౌంటీ కౌన్సిళ్లు మొదలగు స్థానిక సంఘములపై బడినది. గృహహింసా పీడితులకును, వారి బిడ్డలకును సురక్షిత నివాసములందు తోడ్పాటు కల్పించు విధిని 2021 నాటి చట్టము వానికే యొప్పగించినది. ఈ కొలువునందున్నవారు తాము మందీయరు, గాయము కట్టరు. అవసరమును లెక్కగట్టి, టెండర్లు పిలిచి, ఏ సంస్థకు పని యీయవలెనో తేల్చి, ఆపైన దాని నడకను కనిపెట్టుచుందురు.

ఇది వట్టి గుమాస్తా పనియే గదా యందురేమో! కానేకాదు. తక్కువ ధర వేసినవారికే పనినిచ్చి, రెండుమూడేండ్లకొకమారు సంస్థను మార్చినచో, ఎట్టకేలకు నోరువిప్పి తన గోడు చెప్పుకొన్న యిల్లాలు దానిని క్రొత్తవారియెదుట మరల మొదటినుండి చెప్పుకొనవలసివచ్చును. త్రాగుడును దెబ్బలును ఒకే యింట కాపురముండగా, రెంటికి రెండు వాకిళ్లు తట్టుమనుట యేమి న్యాయము? వ్యసనమున్న స్త్రీని చేర్చుకొనని యాశ్రయగృహములు నేటికిని గలవు. ఆమెకు తలుపు తెరువవలెనను షరతును ఒప్పందమున వ్రాయించుట ఈ యుద్యోగి చేతిలోని పని.