పీయూష గ్రంథి: కొలత ఒక్కటే తీర్పు కాదు

తలనొప్పికో, నెలసరి తప్పినందుకో తీయించిన ఎమ్మారై రిపోర్టులో 'పీయూష గ్రంథి ఎత్తు 9 మిల్లీమీటర్లు' అని కనిపిస్తే చాలు, ట్యూమరేమోనని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. పాతికేళ్ల యువతిలో ఆ ఎత్తు సహజమే. అరవై ఏళ్ల పురుషుడిలో మాత్రం ఆరా తీయాలి. మనిషిని పక్కనపెట్టి అంకెను చదవడంతోనే చిక్కంతా వస్తోంది.

సుమారు అరగ్రాము బరువుండే ఈ గ్రంథి పుర్రె అడుగున ఎముక గుంతలో ఒదిగి ఉండి థైరాయిడ్, అడ్రినల్, బీజగ్రంథులను నడిపిస్తుంది. ఎక్స్‌రేల కాలంలో గ్రంథి కనిపించేది కాదు. గుంత వెడల్పును బట్టి లోపలి పెరుగుదలను అంచనా వేసేవారు. ఎమ్మారై వచ్చాక గ్రంథినే నేరుగా కొలవడం సాధ్యమైంది. తలను నడిమధ్యన నిలువుగా చూపే చిత్రంలో గుంత అడుగు నుంచి గ్రంథి పై అంచు దాకా గీత గీస్తారు. ఆ చిత్రం నడిమి నుంచి కాస్త పక్కకు జరిగినా అంకె మారుతుంది.

రేడియాలజిస్టులు స్థూలంగా పాటించే గరిష్ఠ హద్దులివి: పిల్లల్లో 6 మిల్లీమీటర్లు, పురుషుల్లోనూ నెలసరి ఆగిన మహిళల్లోనూ 8, సంతానయోగ్య వయసు స్త్రీలలో 10, నిండు గర్భిణుల్లో, బాలింతల్లో 12. గర్భంతో ఉన్నప్పుడు ప్రోలాక్టిన్ అనే హార్మోన్‌ను స్రవించే కణాలు పెరగడమే ఈ ఉబ్బుకు కారణం.

హద్దు దాటినంత మాత్రాన కణితి అనుకోనక్కర్లేదు. చికిత్స అందని థైరాయిడ్ లోపంలోనూ గ్రంథి ఉబ్బుతుంది. థైరాక్సిన్ మాత్రలతో మళ్లీ తగ్గుతుంది. ఈ సంగతి గమనించకపోతే అనవసరంగా కత్తి పట్టాల్సి వస్తుంది. చిన్నగా ఉండటమూ క్షేమానికి గుర్తు కాదు. కాన్పులో తీవ్ర రక్తస్రావమైన కొందరిలో గ్రంథి దెబ్బతిని, క్రమంగా కుంచించుకుపోతుంది. దాన్నే షీహాన్ సిండ్రోమ్ అంటారు. బాలింతకు పాలు పడకపోవడం దాని తొలి సూచన కావచ్చు.

నిజంగా కణితే ఉంటే 10 మిల్లీమీటర్లు కీలకమైన గీటు. అంతకు మించినది పైకి పెరిగి దృష్టి నాడులను నొక్కితే పక్క చూపు తగ్గుతుంది. గీటుకు లోబడినవి మాత్రం చాలాసార్లు ఏ హానీ చేయకుండా బయటపడుతుంటాయి.

కాబట్టి స్కాన్‌కు పంపే చీటీలో వయసు, నెలసరి, గర్భం, థైరాయిడ్ వివరాలు వైద్యులు విధిగా రాయాలి. రిపోర్టు చేతికొచ్చినవారు ఆపరేషన్ గురించి అడిగేముందు ప్రోలాక్టిన్, టీఎస్‌హెచ్ వంటి హార్మోన్ పరీక్షల గురించి అడగాలి. పాత ఫిల్ములుంటే వెంట తీసుకెళ్లాలి.