గుమ్మటం ఎవరిది? ఖర్చు ఎవరిది?

బొంబాయి బోరీబందరు స్టేషను గుమ్మటం చూచి పరవశించే కళోపాసకులకు మనలో కొదువ లేదు. 2004లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వమన్నది. సరే, ఎవరి సొమ్ము అండతో లేచిందది? గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ వాటాదారులకు నూటికి 5 వడ్డీ గ్యారంటీ! ఆదాయం చాలనప్పుడల్లా లోటు పూడ్చవలసింది ఈ దేశపు ఖజానా, అంటే రైతు కట్టిన శిస్తు. రాయలసీమలో, దక్కనులో ధాత కరువు పీనుగుల చితులు చల్లారకముందే, 1878లో, రాణిగారి పేరిటి ఈ భవనానికి పని మొదలుపెట్టారు. గుమ్మటం మీది స్త్రీవిగ్రహం పేరు, నవ్వకండి, 'ప్రగతి'! 1996లో విక్టోరియా పేరు తీసి శివాజీ పేరు పెట్టాం. లెక్క మాత్రం అడగలేదు. ఎదుటి వీధికి దాదాభాయి నౌరోజీ పేరున్నది. దేశ సంపద ఇంగ్లండుకు తరలిన తీరు అంకెలతో నిరూపించినవాడాయన. తోరణాలు వర్ణించే మన విమర్శకులకు ఆ వీధి ఎందుకు కనపడదు?