ఆకురసములోని ఇనుము

ఫెరిక్ క్లోరైడు ద్రావణము గాజుకుప్పెలో తేనెవన్నెతో నిలిచియుండగా, అందులో జామాకులను కాచి వడగట్టిన కషాయమును కొద్దికొద్దిగా విడిచినచో, చూచుచుండగానే అది కాటుకవలె నల్లబడును. ఈ నలుపును ఇనుప నానోకణములు పుట్టినవనుటకు తొలి గురుతుగా మన కళాశాలల విద్యార్థులు నోటుపుస్తకములలో వ్రాసికొందురు. పిమ్మట దానిని అపకేంద్రయంత్రమున త్రిప్పి, కడిగి, ఆరబెట్టి, ఆ పొడిని సూక్ష్మజీవులు పెరుగుచున్న అగారు పళ్లెముపై ఉంచి, దాని చుట్టును ఏర్పడిన జీవరహిత వలయమును మిల్లీమీటర్లలో కొలిచి, వైద్యమునకు ఉపయోగపడు కణములు సిద్ధమైనవని వ్యాసమును ముగింతురు. తులసి, వేప, మునగ, కరివేపాకు, ఇట్లు పెరటిలోని ఏ ఆకును విడిచినట్లు లేదు. ఈ కృషిని నేను తేలికచేయుట లేదు. పెద్ద ధనసహాయము లేని చిన్న ఊళ్ల ప్రయోగశాలలలో సయితము ఆకును, అన్నభేదిని మాత్రము చేతబట్టుకొని సాగింపదగిన విజ్ఞానము కనుకనే దానిపై నాకు మక్కువ ఎక్కువ. ఆ మక్కువ చేతనే ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. నల్లబడినంత మాత్రమున అది ఔషధము కాజాలదు.

హరితసంశ్లేషణమను పేరు ఈ పద్ధతికి ఊరక రాలేదు. ఇనుప లవణములనుండి లోహకణములను దింపుటకు మొదటినుండి వాడుచువచ్చిన సోడియం బోరోహైడ్రైడు విషపదార్థము. పైగా ప్రతిక్రియలో మండెడు హైడ్రోజను వాయువును విడుచును. దానికి బదులు తేయాకులోని పాలీఫినాలులను వాడవచ్చునని 2009 లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వారి ముఖ్యదృష్టి కలుషితమైన నీటిని, నేలను శుభ్రపఱచుటపై నుండెను. ఔషధమను మాట తరువాత వచ్చి చేరినది. చేరినంత సులభముగా నిలువలేదు.

ఏలయన, ఇనుము వెండి వంటిది కాదు. వెండి అయానులు లోహముగా మాఱుటకు ప్రామాణిక ఎలక్ట్రోడు పొటెన్షియలు ప్లస్ 0.80 వోల్టులు, కావున ఆకులోని మృదువైన క్షయకరణులకు సయితము అవి లొంగును. ఇనుమునకు అదే విలువ మైనస్ 0.44. పాలీఫినాలుల బలము అంతవఱకు పోవుట మిక్కిలి కష్టము. అందుచేత కుప్పెలో పుట్టునది పెక్కుసారులు శుద్ధమైన ఇనుపకణము గాక, ఇనుపఅయానులు టానినులతో పెనవేసికొనిన సంకీర్ణమో, ఆక్సైడుల, హైడ్రాక్సైడుల మిశ్రమమో అయియుండును. ఎక్స్-కిరణ వివర్తనమున వాడియైన శిఖరములకు బదులు గుండ్రని మూపురము కనబడినప్పుడు, స్ఫటికరూపము లేని పదార్థమేదో వచ్చినదని ఒప్పుకొనుటకు బదులు, ఇనుప నానోకణములనియే శీర్షిక పెట్టుట న్యాయము కాదు.

ఈ నలుపు తెలుగుదేశమునకు క్రొత్తదియు కాదు. కొల్లేటికి దక్షిణమున, పెడనలో, అద్దకపు పనివారు బట్టను కరక్కాయరసమున తడిపి ఆరవేయుదురు. త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములతరబడి నాననిచ్చి తీసిన ద్రవమును చెక్క అచ్చుతో ఆ పసుపుబాఱిన బట్టపై ఒత్తినప్పుడు, ఒత్తినచోట నల్లని గీత తేలును. తాళపత్రములు పోయి కాగితము వచ్చిన కాలమున మన పెద్దలు కరక్కాయను అన్నభేదితో కలిపి కాచుకొనిన సిరాయందును ఉన్నది ఈ రసాయనమే. ఆయుర్వేదవైద్యులు ఇనుమును త్రిఫలాకషాయముతో నూఱి, పుటములు పెట్టి, లోహభస్మమును చేయునప్పుడు సయితము ఇనుమునకు కరక్కాయతో చెలిమి కలదు. ఈ పూర్వవిద్యల నన్నిటిని నానోవిజ్ఞానమని పొగడుకొనుట నా ఉద్దేశము కాదు. ఆకురసము, ఇనుము కలిసినప్పుడు ఏమగునో మనకు తరతరములుగా తెలిసియున్నది గనుక, ఆ తెలిసినదానికంటె హెచ్చుగా ఏమి సాధించితిరో చూపుమని పరిశోధకుని అడుగుటకు మనకు హక్కు కలదని చెప్పుటయే.

ఔషధముగా శరీరమున ప్రవేశింపవలసిన ఇనుపకణము ఎట్లుండవలెనో తెలిసికొనుటకు దూరము పోనక్కఱలేదు. మన కాలేయమునందే ఫెరిటినను మాంసకృత్తు కలదు. దాని వెలుపలి వ్యాసము 12 నానోమీటర్లు, లోపలి గుల్ల 8 నానోమీటర్లు, అందులో 4500 వఱకు ఇనుప పరమాణువులు ఇముడును. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్ల వంతు. ఇంత చిన్న గుల్లలో ఇనుమును బంధించి, కావలసినప్పుడు కావలసినంత మాత్రమే శరీరము వెలికి తీసికొనును. కట్టుతప్పిన ఇనుము హైడ్రోజను పెరాక్సైడుతో కలిసి కణజాలమును దహించు రాడికలులను పుట్టించును గనుక ఈ జాగ్రత్త. గర్భిణులకు మన ఆసుపత్రులలో రక్తనాళముద్వారా ఎక్కించు ఐరన్ సుక్రోజు సయితము చక్కెరతొడుగు గల నానోకణమే. అమెరికాలో 2009 లో మూత్రపిండరోగుల రక్తహీనతకై అనుమతి పొందిన ఫెరుమాక్సిటాలును ఎంతయో నియమముగా తయారుచేసిరి. అయినను తీవ్రమైన అలెర్జీ మరణములు సంభవించినందున 2015 లో దానిపై కఠినతరమైన హెచ్చరికను ముద్రింపవలసివచ్చెను. ఎమ్మారై చిత్రములకు, కంతులను అయస్కాంతక్షేత్రమున వేడిచేసి చంపుటకు వాడు ఇనుప ఆక్సైడుకణములకును ఇదే కట్టుబాటు వర్తించును. అంత పరీక్ష నిచ్చిన మందులకే ఇట్లు జరుగగా, ఒకే అగారు పళ్లెముతో పరీక్ష ముగిసినదనుకొనుట ఎట్లు? పైగా ఆకుకషాయము తానుగా సూక్ష్మజీవులను చంపవచ్చును; కడుగగా మిగిలిన ఫెరిక్ లవణపు ఆమ్లత్వము సయితము వానిని చంపవచ్చును. ఆ రెంటిని వేఱువేఱుగా ప్రక్కన ఉంచి పోల్చని వలయపు కొలత దేనికిని సాక్ష్యము కాదు.

ఆకు అన్నంతనే శుచియను నమ్మకము కొల్లేటి సీమలో మఱియు ప్రమాదకరము. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసెడు నీరు, ఊళ్ల మురుగు, చెఱువుల నీరు కొల్లేట చేరి ఉప్పుటేటి మార్గమున మెల్లగా సముద్రమునకు పోవును. 2002 నుండి రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల ఈ సరస్సున గుఱ్ఱపుడెక్క విరివిగా అల్లుకొనును. ఖర్చులేని ముడిసరుకు గదాయని ఆ ఆకుతోను నానోకణములు చేయవచ్చును. నీటిశుద్ధికైనచో ఆ ఆలోచన మెచ్చదగినదే. కాని గుఱ్ఱపుడెక్క నీటిలోని సీసమును, కాడ్మియమును వేళ్లతో పీల్చి తనలో నిలుపుకొను మొక్క. 2020 డిసెంబరు తొలివారమున ఏలూరు వన్‌టౌను వీధులలో వందలాది జనులు ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్షించిన రక్తపు నమూనాలలో సీసము, నికెలు కనబడెను. పిమ్మట పురుగుమందుల అవశేషములపైకి అనుమానము మళ్లెను. ఆ దినములను చూచిన ఊరిలో, ఆకు ఎచ్చటి నీట పెరిగినదో, అందులో సీసమెంతయో వ్రాయకుండ, దాని రసముతో మందు చేసితిమనుట క్షమింపరాని విషయము.

అవసరము మాత్రము అపారముగా ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత కలదు. గర్భిణికి దినమునకొకటి చొప్పున 180 దినములు ఇచ్చు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. దానిని టీతో మ్రింగవద్దని ఆశా కార్యకర్తలు చెప్పుటకు కారణము, కుప్పెలో మనము చూచిన ఆ టానినే కడుపులోను ఇనుమును పట్టి ఉంచుట. మాత్రలోని రెండవ ద్రవ్యపు కథ ఇంకను గమనింపదగినది. 1941 లో నాలుగు టన్నుల పాలకూరను మరిగించి, వడపోసి, అమెరికా పరిశోధకులు అందులోనుండి ఫోలిక్ ఆమ్లమును పట్టిరి. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలవారు దాని నిర్మాణమును తేల్చి, 1945 నాటికి దానిని కృత్రిమముగా తయారుచేసిరి. పాలకూర మంచిదని వారు ఆగియుండినచో ఆ మాత్ర నేడు పల్లెకు వచ్చియుండెడిది కాదు.

తాడేపల్లిగూడెమున 2015 లో వెలసిన జాతీయ సాంకేతిక సంస్థ, దాని చెంతనే వెంకటరామన్నగూడెమున 2007 లో స్థాపితమైన ఉద్యానవిశ్వవిద్యాలయము, ఏలూరున 2023 లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్యకళాశాల, ఈ మూడును ఒక పూటలో చుట్టి రాదగినంత దగ్గఱలో ఉన్నవి. నూఱు ఆకులపై నూఱు వ్యాసములు మాని, ఈ మూడును కలిసి ఒక్క జామాకును పట్టుకొనవలెను. ఉద్యానశాస్త్రజ్ఞులు ఏ తోట, ఏ రకము, ఏ నెల, ఏ నేలయో వ్రాసి ఆకు నీయవలెను. రసాయనికులు వేసవిలో కోసిన ఆకుతోను, వానకారులో కోసిన ఆకుతోను ఒకే పరిమాణపు కణము వచ్చునో రాదో, అది ఆక్సైడో సంకీర్ణమో నిర్ణయింపవలెను. వైద్యులు అది రక్తకణములను పగులగొట్టునో లేదో, కాలేయమున ఎంతకాలము నిలుచునో చూడవలెను. ఆశించిన ఫలితము రానిచో రాలేదనియే మువ్వురును ప్రకటింపవలెను. పరిశోధనకు ధనమిచ్చువారు వ్యాసముల సంఖ్యను అడుగుట మాని, పది తడవలు చేసిన తయారీలో పదింటి కణపరిమాణములను, ఆకులోని సీసపు కొలతను చూపు పట్టికను ముందుగా అడుగవలెను.