పుట్టగొడుగులో పుట్ట ఉంది, మరిచిపోకండి



మొన్న మనవాళ్ల మధ్య ఒక మాట నడిచింది. రాత్రికి రాత్రి పుట్టుకొస్తుంది కాబట్టి పుట్టగొడుగు అన్నారట. అది పల్లెటూరి మాట, పిల్లలకు శిలీంధ్రం అని నేర్పాలట. చాలామంది అవునన్నారు. మేము మాత్రం ఒప్పుకోం.

ఆ తప్పు అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. పేపర్లలో "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అని చదివీ చదివీ ఈ పుట్ట ఆ పుట్టుకే అనుకుంటున్నాం. కాదు. ఇది నాగుల చవితికి పాలు పోసే పుట్ట. కన్నడంలో హుత్త, కేజీఎఫ్ తమిళుల నోట పుట్రు. గొడుగు కూడా అంతే, కన్నడంలో కొడె, తమిళంలో కుడై. రెండూ ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్న మాటలు కావు.

ఆ పేరు ఉత్త పోలిక కూడా కాదు. పుట్ట కట్టే చెదలు ఎండుటాకులు, పుల్లలు లోపలికి మోసి, వాటి మీద బూజు తోట పెంచుకుని తింటాయి. వానలు పడ్డాక ఆ తోట నుంచే వేరులాంటి పొడవాటి కాడతో మట్టిని చీల్చుకుని గొడుగు పైకొస్తుంది. ఫ్రాన్సు శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. అంటే చెదల బూజు. మన అవ్వలు ఎప్పుడో చెప్పిన మాటే కదా!

ఇక శిలీంధ్రం అంటే రొట్టె మీద బూజు, ఈస్టు, అన్నీ వస్తాయి. అది వంశం పేరు. వంశం పేరు నేర్పి మనిషి పేరు మరిపిస్తామా? పెద్దలు కుక్కగొడుగు అని వేరే మాట కూడా పెట్టుకున్నారు. ఇప్పుడు అన్నిటికీ మష్రూమ్ అంటున్నాం. అయితే ఒక్క మాట: పేరు చూసి ఏదీ వండకండి, తెలిసినవాళ్లకు చూపించకుండా తినకండి.

మా బాధ మాట గురించే కాదు. బైరకూరు చుట్టుపక్కల గట్లు చదును చేసేటప్పుడు జేసీబీ ముందు పోయేది పుట్టే. పుట్ట పోతే గొడుగు రాదు. షెడ్లలో బటన్ మష్రూమ్ పెరిగినట్టు ఇది పెరగదు, దీనికి చెదలు కావాలి.

బడిలో కన్నడం నేర్చుకోనీ, మంచిదే. ఇంట్లో మాత్రం ఈ మాట ఉండనీండి. ఈ వానకాలం పిల్లల్ని చేను గట్టుకు తీసుకెళ్లి పుట్టను చూపించండి. అర్థం వాళ్లకే తెలుస్తుంది.