టమాటా ధరల చర్చలో నారుమడి లెక్క

టమాటా ధర కిలో వంద రూపాయలు దాటిన వారంలో బస్సులోను, టీ కొట్టు వద్దను, మన కళాశాలల సిబ్బంది గదులలోను ఒకే చర్చ వినిపిస్తుంది. ఒకరు ప్రభుత్వాన్ని, ఒకరు దళారులను, మరొకరు డీజిలు ధరను తప్పుపడతారు. అదే టమాటా కిలో అయిదు రూపాయలకు పడిపోయిన వారంలో ఆ చర్చ ఉండదు. రోడ్డు మీద పారబోసిన కాయల ఛాయాచిత్రం ఒకటి పత్రికలో వస్తుంది, అంతటితో సరి. ఈ రెండు వారాలూ ఒకే గొలుసులోని రెండు లంకెలన్న సంగతి వినియోగదారునికి తెలియకపోవచ్చు. విస్తరణ శాస్త్రవేత్తలకు అది తెలుసు. తెలిసి కూడా ఆ చర్చకు మనం అందించవలసిన సమాచారాన్ని అందించడం లేదన్నదే ఈ వ్యాసంలోని నా అభియోగం.

2023వ సంవత్సరాన్నే పరిశీలిద్దాం. ఆ వేసవిలో మహారాష్ట్రలో గిట్టుబాటు ధర లేక అనేకమంది రైతులు టమాటా తోటలను మధ్యలోనే వదిలివేశారు. కోలారు ప్రాంతంలో తెల్లదోమ, ఆకుముడత వైరస్ పంటను దెబ్బతీశాయి. ఎండల తీవ్రతకు పూత రాలింది. ఫలితంగా జూలైలో దేశమంతటా సరఫరా తగ్గింది. జూలై 12న కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల నుండి టమాటా సేకరించవలసిందిగా నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ సంస్థలను ఆదేశించింది. రెండు రోజులలోనే ఢిల్లీ పరిసరాలలో కిలో 90 రూపాయలకు అమ్మకం మొదలై, కొద్ది రోజులలో ఆ ధరను 80కి, తరువాత 70కి తగ్గించారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్ల ద్వారా 50 రూపాయలకు విక్రయించారు. ఆగస్టులో నేపాల్ నుండి దిగుమతికి పూనుకున్నారు. ఆ జూలైలో దేశ చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి చేరింది. సెప్టెంబరు నాటికి కర్నూలు జిల్లా మార్కెట్లలో రైతుకు కిలోకు పది రూపాయలు కూడా దక్కలేదు.

జూలైకి, సెప్టెంబరుకు మధ్య గడచిన కాలం సుమారు అరవై, డెబ్బై రోజులు. నారు నాటిన తరువాత టమాటా తొలి కోతకు పట్టే కాలం కూడా ఇంచుమించు అంతే. అధిక ధర చూసి నాటిన పంట, ఆ ధర పోయిన తరువాత మార్కెట్టుకు చేరుతుంది. ఇందులో రైతు అత్యాశ అనదగినది ఏమీ లేదు. అతని చేతిలో ఉన్న ఏకైక సమాచారం నాటి ధర మాత్రమే. ఆ సమాచారంతో ఎవరైనా తీసుకునే నిర్ణయమే అతడూ తీసుకున్నాడు. కాకపోతే అదే నిర్ణయం తీసుకున్నవారు పక్క మండలంలోను, పక్క రాష్ట్రంలోను ఎందరున్నారో అతనికి తెలిసే మార్గం లేదు.

చర్చలలో తరచుగా వినిపించే పరిష్కారాలు రెండు. మొదటిది రవాణా. 2018-19 కేంద్ర బడ్జెట్టులో 500 కోట్ల రూపాయలతో టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం ఆపరేషన్ గ్రీన్స్ పథకాన్ని ప్రకటించారు. 2020 ఆగస్టు 7న దేవలాలి నుండి దానాపూర్‌కు తొలి కిసాన్ రైలు నడిచింది. మరుసటి నెలలో అనంతపురం నుండి ఢిల్లీకి పండ్లు, కూరగాయలతో మరొకటి బయలుదేరింది. సరకు కిరాయిలో 50 శాతం రాయితీ ఇచ్చారు. ఇవన్నీ ఆహ్వానించదగినవే. అయితే రైలు కాయ వయస్సును మార్చదు. దూర ప్రయాణానికి కాయను రంగు తిరిగే తొలి దశలోనే కోయాలి, నీడలో వేడి తగ్గించాలి, పగుళ్లు ఉన్నవాటిని ఏరివేయాలి, ప్లాస్టిక్ క్రేట్లలో అరలు అరలుగా నింపాలి. శీతల వాహనం ఉన్నదని పది డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో ఎక్కువ రోజులు ఉంచితే, ఆ దశ కాయ చలి దెబ్బకు గురై సరిగా పండదు. సీఫెట్ 2015 అధ్యయనం టమాటాలో కోత, కోతానంతర నష్టాన్ని 12.44 శాతంగా లెక్కగట్టింది. ఈ నష్టంలో గణనీయమైన భాగం బండి ఎక్కకముందు, పొలంలోను గట్టు మీదను జరిగేదే. రాయితీ పథకం వెంట కోత శిక్షణ కూడా రైతు వద్దకు చేరకపోతే, సగం కిరాయికి దెబ్బతిన్న సరకును పంపినట్లవుతుంది.

రెండవది కర్మాగారం. “గుజ్జు తీసే యూనిట్లు పెడితే సమస్య తీరుతుంది” అన్న మాట ప్రతి ఎన్నికల సభలోను వింటాం. సామాన్య గణితంతో దీనిని పరీక్షించవచ్చు. మార్కెట్టుకు వచ్చే వంట రకం హైబ్రిడ్ కాయలో కరిగే ఘన పదార్థం సుమారు నాలుగున్నర శాతం అనుకుందాం. 28 శాతం ఘన పదార్థం గల గుజ్జు కిలో తయారు కావాలంటే, వృథాను లెక్కించకుండానే ఆరు కిలోలకు పైగా కాయలు కావాలి. అయిదున్నర శాతం గల ప్రాసెసింగ్ రకమైతే అయిదు కిలోల పైచిలుకు సరిపోతాయి. ఆవిరి చేయవలసిన నీరు, దానికయ్యే ఇంధనం ఆ మేరకు తగ్గుతాయి. పైగా కర్మాగారానికి నెలల తరబడి నిలకడగా సరకు కావాలి. ధర పడిపోయినప్పుడు మాత్రమే వచ్చి, పెరిగినప్పుడు మాయమయ్యే సరకుతో ఏ యూనిట్టూ నడవదు. కాబట్టి వంట రకం మిగులును గుజ్జుగా మార్చే ఆశ కన్నా, వేరు రకంతో, ముందస్తు ఒప్పందంతో, ప్రత్యేక విస్తీర్ణంలో సాగు చేయించడమే ఆచరణయోగ్యం.

రవాణా, ప్రాసెసింగ్ రెండింటికీ ముందుగా కావలసినది ఒక్కటే. ఎన్ని రోజుల తరువాత, ఏ ప్రాంతం నుండి, ఎంత సరకు రానున్నదన్న అంచనా. విస్తీర్ణపు అధికారిక లెక్కలు వెలువడే సరికి టమాటా పంటకాలమే పూర్తవుతుంది. అంతకన్నా తొందరగా దొరికే లెక్క ఒకటి ఉన్నది, అది నారుమడి లెక్క. మదనపల్లె, కోలారు ప్రాంతాలలో హైబ్రిడ్ టమాటా నారు అధికంగా షేడ్‌నెట్ నర్సరీలలో, ప్రోట్రేలలో పెరుగుతుంది. రైతు పొలంలో మొక్క నాటకముందే నర్సరీ యజమాని పుస్తకంలో దాని సంఖ్య నమోదై ఉంటుంది.

ఉదాహరణకు ఒక మండలంలోని నర్సరీలు ఒక పక్షంలో ఎనిమిది లక్షల నారు అమ్మాయనుకుందాం. ఎకరాకు ఎనిమిది వేల మొక్కల చొప్పున అది నూరు ఎకరాలు. ఎకరాకు 20 టన్నుల దిగుబడి, 50 రోజుల కోతకాలం అనుకుంటే రెండు వేల టన్నులు, అంటే రోజుకు 40 టన్నులు, పది టన్నుల లారీలు నాలుగు. నాటిన అరవై, డెబ్బై రోజులకు ఆ మండలం నుండి రోజూ నాలుగు లారీలు బయలుదేరుతాయని నాటే రోజునే చెప్పగలం. చీడపీడలు, వానలు ఈ అంచనాను మారుస్తాయి, నిజమే. కానీ మొక్క నిలదొక్కుకున్న శాతాన్ని, పూత నిలిచిన తీరును పదిహేను రోజులకొకసారి సరిదిద్దుకుంటూ పోవడం మనకు తెలియని విద్య కాదు.

దీనిపై మూడు ఆక్షేపణలు రావచ్చు. టమాటా ఉద్యాన పంట, శస్య శాస్త్రవేత్తలకు దానితో ఏమి పని అన్నది మొదటిది. రైతు పొలానికి శాఖల సరిహద్దులు లేవు. వేరుశనగకు బదులు టమాటా వేయాలా అని అడిగే రైతు మన ముందే నిలబడతాడు. ఈ లెక్క వ్యాపారులకు ఉపయోగపడి రైతుకు చేటు చేస్తుందన్నది రెండవది. వ్యాపారులు నర్సరీల చుట్టూ తిరిగి ఈ సంగతి ఇప్పటికే సేకరిస్తున్నారు. తెలియనిది రైతుకు మాత్రమే. మూడవది కొంత బలమైనది. సరకు ఎక్కువ రానున్నదని ప్రకటిస్తే అందరూ ఒక్కసారిగా వెనుకడుగు వేసి, మళ్లీ కొరత ఏర్పడవచ్చు. అందుకే నెలకొకసారి హెచ్చరిక వంటి ప్రకటన కాక, ప్రతి పక్షం నిరంతరంగా వెలువడే లెక్క అవసరం. నారు ఇంకా కొనని రైతు ఆ పక్షం అంకె చూసి ఆగగలడు, ఆ తరువాతి పక్షంలో నారు అమ్మకం తగ్గినట్లు కనబడితే ముందుకు రాగలడు. ఊగిసలాట పూర్తిగా పోదు, దాని తీవ్రత తగ్గుతుంది.

దీనికి పెద్ద పథకం అవసరం లేదు. వ్యవసాయ బీఎస్సీ చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ కార్యానుభవం పేరిట పల్లెలలో నివసిస్తూనే ఉన్నారు. వారి నివేదికలలో సాంఘిక పటాలు, వనరుల పటాలు చక్కగా ఉంటాయి. వాటికి తోడు పక్షానికొక నర్సరీ పట్టిక చేర్చవచ్చు. రకం, అమ్మిన నారు సంఖ్య, కొన్న రైతుల మండలం, ఈ మూడు అంశాలు చాలును. రైతు పేరు అక్కరలేదు. జిల్లా ఏరువాక కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం దానిని క్రోడీకరించి మార్కెట్ యార్డు బల్ల మీద, రైతు భాషలో, లారీల లెక్కన ప్రకటించాలి.

టమాటా కొన్నవారు చెల్లించే రూపాయిలో రైతుకు దక్కేది సుమారు మూడో వంతేనని 2024లో వెలువడిన రిజర్వు బ్యాంకు అధ్యయన పత్రం తెలిపింది. మిగిలిన రెండు వంతుల గురించి జరిగే వాదన రాజకీయమైనది, ప్రజాస్వామ్యంలో అది జరగవలసినదే. అందులో ఎవరి పక్షం వహించాలో చెప్పడం విశ్వవిద్యాలయం పని కాదు. ఆ వాదనలో ఉన్నవారందరి ముందు సకాలంలో ఒక అంకె ఉంచడం మాత్రం మన పనే. మన కరపత్రాలలో ఎకరాకు ఎన్ని టన్నులు వస్తాయో వ్రాస్తున్నాము. అవి ఏ వారంలో, ఎన్ని లారీలతో పాటు యార్డుకు చేరుతాయో కూడా ఇకనైనా వ్రాయవలసి ఉన్నది.