ఒకే నంబరు - ఇద్దరు హాజరు!

పిల్లలూ!

ఈ నెల మీకు చెప్పబోయే సంగతి పుస్తకంలోది కాదు, మా ఇంట్లో జరిగినది. ఇందులో తప్పు చేసినవాడొకడున్నాడు. వాడెవడో చివర మీకే తెలుస్తుంది.

మా మనమరాలు పదో తరగతి చదువుతున్నది. రోజూ సాయంకాలం ఆరు గంటలకు లాప్‌టాప్ ముందు కూర్చుని లెక్కల పాఠం వింటుంది. మనమడు బుజ్జి ఐదో తరగతి. ఒకనాడు పాఠం మధ్యలో, తెరమీది మేష్టారు నోరు తెరిచినవారు తెరిచినట్టే నిలిచిపోయారు! కొంతసేపటికి కదిలారు. మళ్ళీ నిలిచిపోయారు. మర్నాడూ అంతే. ఆ వారంలో రెండు పరీక్షలు సగంలో ఆగిపోయి, పాపం, పిల్లకు సున్నాలు పడ్డాయి.

"ఇదంతా బుజ్జిగాడి పనే తాతయ్యా! వాడు ఆడుకుని ఇంటికి రాగానే నెట్ పోతున్నది. టాబ్‌లో ఆటలు పెట్టుకుంటున్నాడు" అన్నది మనమరాలు.

కనిపెట్టి చూశాను. నిజమే! వాడు ఇంట్లో అడుగు పెట్టిన పది నిమిషాలకల్లా నెట్ పోతున్నది.

"నేను టాబ్ ముట్టుకోనేలేదు తాతయ్యా!" అని వాడు మొత్తుకున్నాడు. నేను వినలేదు. టాబ్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు.

మర్నాడు ఆరు గంటలకు టాబ్ బీరువాలోనే ఉన్నది. నెట్ మాత్రం పోయింది!

అప్పుడు నాకు సిగ్గు వేసింది. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి, ముందు శిక్ష వేసి తర్వాత విచారణ మొదలుపెట్టాను గదా! సరే, ఇక సక్రమంగా విచారిద్దామని కూర్చున్నాను.

మొదటి ప్రశ్న: నెట్ పోవటం ఇంట్లో అందరికీనా, ఒక్కరికేనా? ఆ సమయంలో మీ నానమ్మ - అంటే బుజ్జిగాడి నానమ్మ - వంటింట్లో ఫోనులో పాటలు వింటున్నది. పాట ఆగలేదు. రౌటరు మీద దీపాలు కూడా ఎప్పటిలాగే వెలుగుతున్నాయి. అంటే వీధిలోనుంచి వచ్చే తీగ బాగానే ఉన్నది, రౌటరూ బాగానే ఉన్నది. జబ్బు లాప్‌టాప్ ఒక్కదానికే.

రెండో ప్రశ్న: దూరం వల్లనా? గోడలు అడ్డమైతే వైఫై బలం తగ్గుతుంది. లాప్‌టాప్‌ను తెచ్చి రౌటరు పక్కనే పెట్టించాను. అయినా పోయింది. కనుక దూరం కాదు.

మూడో ప్రశ్న: ఈ మధ్య ఇంట్లో కొత్తగా మారినదేమిటి? పాత రౌటరు చెడిపోతే, మనిషి వచ్చి కొత్తది బిగించి వెళ్ళాడు. వైఫైకి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టాడు. సరిగ్గా ఆ మర్నాటినుంచే ఈ బాధ మొదలయింది!

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. బడిలో ప్రతి పిల్లవాడికీ హాజరుపట్టీలో ఒక నంబరు ఉంటుంది గదా. అలాగే రౌటరుకు తగిలిన ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉండాలి. దాన్నే ఐపీ అడ్రసు అంటారు. అందులో చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపు. మా రౌటరుది 192.168.1.1.

ఈ నంబర్లు పంచేది కూడా రౌటరే. ఫోను వైఫైలోకి రాగానే, "ఇక్కడ నంబర్లిచ్చేవారెవరండీ?" అని కేక వేస్తుంది. "నేనున్నాను. నీకు ఫలానా నంబరు ఇస్తాను, కావాలా?" అంటుంది రౌటరు. "అదే ఇప్పించండి" అంటుంది ఫోను. "సరే, వ్రాసుకున్నాను" అంటుంది రౌటరు. ఈ నాలుగు మాటలూ కన్ను మూసి తెరిచేలోపల అయిపోతాయి. ఈ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. రాల్ఫ్ డ్రోమ్స్ అనే ఆయన 1993లో దీని నియమాలు వ్రాసి ప్రకటించాడు.

ఈ నంబరు శాశ్వతం కాదు సుమా! లైబ్రరీ పుస్తకంలాగా గడువు ఉంటుంది. సగం గడువు కాగానే యంత్రమే వెళ్ళి, "ఇంకా నాకు కావాలి" అని పొడిగించుకుంటుంది. ఒకవేళ నంబరు ఇచ్చేవారెవరూ పలకకపోతే, చాలా కంప్యూటర్లు తమంతట తామే 169.254తో మొదలయ్యే నంబరు ఒకటి పెట్టుకుంటాయి. దానితో బయటి ప్రపంచానికి పోవటం కుదరదు. మీ కంప్యూటరులో ఎప్పుడైనా ఆ నంబరు కనిపిస్తే, "ఓహో, దీనికి ఎవరూ నంబరు ఇవ్వలేదు" అని తెలుసుకోవచ్చు.

మా లాప్‌టాప్ నంబరు చూశాను. 192.168.1.5. సవ్యంగా ఇచ్చిన నంబరే. మరి చిక్కెక్కడ?

"బుజ్జీ, నువ్వు ఆడుకుని రాగానే ఏం చేస్తావురా?" అని మెల్లగా అడిగాను.

"బడిలో నదుల పటాలు అంటించమన్నారు తాతయ్యా. రోజుకొక పటం ప్రింటరులో తీసుకుంటున్నాను."

ప్రింటరు! మిగతా వేళల్లో అది ఆపేసే ఉంటుంది. దాన్ని వేసి, దాని వివరాల కాగితం తీయించాను. అందులో ఏమున్నదో తెలుసా? 192.168.1.5!

ఒకే నంబరు, ఇద్దరు హాజరు! నేను పనిచేసిన ఒక బడిలో ఒకసారి పొరపాటున ఇద్దరు పిల్లలకు ఒకే నంబరు పడింది. నంబరు పిలిస్తే ఇద్దరూ "ప్రెజెంట్ సార్" అనేవారు. ఒకడి మార్కులు రెండోవాడి ఖాతాలో పడ్డాయి. ఇక్కడా అదే జరిగింది. ప్రింటరు మేలుకోగానే, "5వ నంబరు నేనే" అని చాటుతుంది. లాప్‌టాప్‌కు రావలసిన పాఠాన్ని రౌటరు ప్రింటరుకు పంపుతుంది. ప్రింటరుకు లెక్కలెందుకు? పారేస్తుంది!

"మూలన ఏదో చీటీ వచ్చింది తాతయ్యా, ఐపీ అడ్రసు అని. చదవకుండానే మూసేశాను" అన్నది మనమరాలు. చూశారా! యంత్రం తన జబ్బు తనే చెప్పుకున్నది. చదివినవారు లేరు.

మరి ప్రింటరుకు ఆ నంబరు ఎవరిచ్చారు? రౌటరు ఇవ్వలేదు. రెండేళ్ళ క్రితం ఒక పెద్దమనిషి, ప్రింటరు నంబరు మారకుండా ఉండాలని, తన చేత్తో 5 అని నొక్కి స్థిరపరచాడు. పాత రౌటరు 100 నుంచి పైనంబర్లు పంచేది కనుక అప్పుడు పేచీ రాలేదు. కొత్తది 2 నుంచి పంచుతున్నది. ప్రింటరు ఆపి ఉన్నప్పుడు 5 ఖాళీగా కనబడింది, లాప్‌టాప్‌కు ఇచ్చేసింది.

ఆ పెద్దమనిషిని నేనే!

మా అబ్బాయి చేత ప్రింటరులో నా నంబరు తీయించి, "రౌటరు ఇచ్చినదే పుచ్చుకో" అని మార్పించాను. బడి రిజిస్టరులో పుట్టుమచ్చలు వ్రాసుకున్నట్టు, ప్రతి యంత్రానికీ తయారైనప్పుడే వేసిన గుర్తు ఒకటుంటుంది. దాన్ని మాక్ అడ్రసు అంటారు. రౌటరు పట్టీలో ప్రింటరు గుర్తు వ్రాసి, దాని ఎదుట 200వ నంబరు కేటాయించాము. ఇక ఆ నంబరు ఇంకొకరికి పోదు. ఆనాటినుంచి పాఠం ఆగలేదు.

"మా పక్కింట్లోనూ 192.168.1.5 ఉన్నది, మరి పేచీ రాదా?" అని మీరడగవచ్చు. రాదు. ఆరో తరగతిలోనూ, ఏడో తరగతిలోనూ 5వ నంబరువాడు ఉండడూ? అలాగే. ఈ అంకెలతో చేయగల నంబర్లు మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. ప్రపంచ జనాభాయే 800 కోట్లు దాటింది! అందుకే 192.168 వంటి కొన్ని నంబర్లను ఇళ్ళలోపల వాడుకోవటానికని 1994లో విడిగా కేటాయించారు. వీధిలోకి పోయేటప్పుడు రౌటరు వేరే నంబరు తగిలించి పంపుతుంది.

మీరూ చేసి చూడండి: పెద్దల అనుమతితో, ఇంట్లో ఫోన్ల వైఫై వివరాలు తెరిచి నంబర్లు కాగితం మీద వ్రాయండి. రెండు ఒకటిగా ఉన్నాయేమో చూడండి. చూడటమే సుమా, ఏదీ మార్చకండి!

ఇక బుజ్జి సంగతి. బీరువా తాళం తీసి టాబ్ వాడి చేతికిచ్చి, "తప్పు నాదిరా, నాన్నా" అన్నాను. వాడు కొంచెంసేపు ఆలోచించి, "అయితే తాతయ్యా, నువ్వు కూడా ఒక రాత్రి అన్నం మానెయ్యాలి" అన్నాడు. న్యాయమే గదా! మానేశాను.

వచ్చే నెలదాకా మీకొక ప్రశ్న: మీ ఫోను తీసుకుని అమ్మమ్మగారింటికి వెళ్ళి అక్కడి వైఫైలో చేరారనుకోండి. మీ ఇంటి నంబరే ఉంటుందా, మారుతుందా? ఎందుకు?

మీ మేష్టారు