నిత్యకర్మకు నైమిత్తిక వేతనమా?

దువ్వూరు, ప్రొద్దుటూరు ప్రాంతాలలో వివాహ సంబంధం మాట్లాడుకొనే వేళ గోత్రప్రవరల కంటె ముందే అడుగుతున్న ప్రశ్న ఒకటి కలదు: "అబ్బాయిది పర్మనెంటా, కాంట్రాక్టా?" దీనిని లౌకికమైన ప్రశ్న అని తోసిపుచ్చడం ఉచితం కాదు. గృహస్థాశ్రమం జీవికపై ఆధారపడినది, తక్కిన మూడు ఆశ్రమాలు గృహస్థుపై ఆధారపడినవి. కనుక ఈ ప్రశ్నకు శాస్త్రదృష్టితో సమాధానం వెదకవలసినదే.

యోగక్షేమాలు అను జంట పదాన్ని ఉత్తరాలలో కుశలప్రశ్నగా వాడి వాడి దాని అర్థాన్ని మనం మరచినాము. లేనిది లభించడం యోగం. లభించినది నిలవడం క్షేమం. గీత నవమాధ్యాయానికి భాష్యం వ్రాసిన శంకరభగవత్పాదులు ఈ రెంటినీ స్పష్టంగా వేరు చేసినారు. కాంట్రాక్టు కొలువులో యోగం ప్రధానం, శాశ్వత కొలువులో క్షేమం ప్రధానం. మొదటిది కంటికి కనబడుతుంది, రెండవది లెక్క వేస్తేగాని కనబడదు.

ఆ లెక్క వేసి చూడవచ్చును. ఒకనికి కాంట్రాక్టుపై నెలకు 40,000 రూపాయలు, మరొకనికి శాశ్వత కొలువులో 30,000 మూలవేతనం అనుకొందాము. రెండవవానికి యజమాని జమచేసే భవిష్యనిధి వాటా 12 శాతం, అనగా 3,600. ఏడాదికి పదిహేను దినాల వేతనం చొప్పున చేరే గ్రాట్యుటీ నెలకు సుమారు 1,440. మొత్తం 35,040. మొదటివానికి ఒప్పందానికీ ఒప్పందానికీ నడుమ ఏటా ఒక మాసం ఖాళీ వచ్చినదంటే సగటు 36,667కు దిగుతుంది. పదివేలుగా కనబడిన అంతరం పదహారు వందలైనది. జ్వరం వచ్చి పది దినాలు పడుకొంటే అందులోనూ చాలభాగం పోవును. అమెరికాలో గంటల లెక్కన స్వతంత్రంగా పనిచేసే మన పిల్లల విషయమూ ఇంతే. సాంఘిక భద్రత, మెడికేర్ పన్నుల రెండు వాటాలూ కలిపి 15.3 శాతం వారే భరించవలెను, శాశ్వతోద్యోగికైతే అందులో సగం యజమాని భరించును.

ఇది ఎక్కువ వేతనమిచ్చే కాంట్రాక్టు మాట. కర్మాగారాలలో స్థితి విపరీతం. ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారాలలోనూ, కలమళ్ళ వద్ద 1994లో విద్యుదుత్పత్తి ఆరంభించి నేడు 1,650 మెగావాట్లకు చేరిన రాయలసీమ థర్మల్ కేంద్రంలోనూ కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు. అటువంటి చోట్ల సాధారణంగా కాంట్రాక్టు కార్మికునికి వేతనమూ తక్కువే, భద్రతా తక్కువే, అనగా యోగమూ లేదు, క్షేమమూ లేదు. సమానమైన పనికి తాత్కాలికోద్యోగులకూ సమాన వేతనం ఇవ్వవలెనని 2016లో జగ్జీత్ సింగ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పినది. అయితే 2006లో ఉమాదేవి వ్యాజ్యంలో, ఎన్నేండ్లు పనిచేసినా తాత్కాలికోద్యోగికి శాశ్వతత్వం హక్కుగా రాదని అదే న్యాయస్థానం చెప్పియున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2014 జూన్ 2 నాటికి పనిలో ఉన్న కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించుటకు 2023లో శాసనం వచ్చినది. ఔట్‌సోర్సింగ్ వారు దాని పరిధిలోకి రాలేదు. వారి కొరకు అంతకు ముందే ఆప్కాస్ అను సంస్థ ఏర్పడినది. దళారి కమీషను తొలగినది, శాశ్వతత్వం మాత్రం రాలేదు.

ఇంతమాత్రాన ఒప్పందపు పని హీనమని శాస్త్రం ఎక్కడా చెప్పదు. సోమయాగంలో పదహారుమంది ఋత్విక్కులు వరణం పొంది వచ్చినవారే. దక్షిణను దానంగా గాక పరిక్రయంగా, అనగా వారి శ్రమను కొన్న మూల్యంగా మీమాంసకులు నిర్మొహమాటంగా నిర్ణయించినారు. యాగఫలం యజమానిది, ఋత్విక్కుది దక్షిణ. అవభృథంతో ఒప్పందం ముగియును, ఎవరి ఇంటికి వారు పోవుదురు. పని మధ్యలో విడిచిన ఋత్విక్కుకు చేసిన మేరకు భాగం ఇవ్వవలెనని మనువు విధించినాడు. అంతేకాదు, పరసేవను శ్వవృత్తి అని అంత కఠినంగా నిందించినదీ మనుస్మృతియే. శాశ్వతోద్యోగమే పరమపురుషార్థమని తలచేవారు ఆ మాటనూ స్మరించవలెను.

ఈ రెండు జీవికలూ వైదికుల ఇండ్లలోనే ప్రక్కప్రక్కన ఉన్నవి. పురోహితుడు కార్యానికి ఇంత అని సంభావన పొందును. మాఘ వైశాఖాలలో విరామముండదు. ఆషాఢంలో, శుక్రమౌఢ్యంలో, గురుమౌఢ్యంలో పిలుపుండదు. తనకు ఆశౌచం వస్తే ఆ పది దినాలూ ఆదాయం శూన్యం. సాఫ్ట్‌వేరువారు బెంచి అనేది ఇదే! అర్చకునికి పిలుపుతో పనిలేదు, స్వామికి ప్రతిదినమూ ఆరాధన ఉండవలసినదే. కాని ఆయన శాశ్వతమనుకొన్న వంశపారంపర్యపు హక్కు 1987 నాటి 30వ చట్టంతో ఒక్కసారిగా తొలగినది, 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించినది, 2007 సవరణతో కొంత మరలి వచ్చినది. ఆదాయం లేని చిన్న ఆలయాలకు ధూపదీప నైవేద్య పథకం కింద ఇచ్చే నెలసరి మొత్తం 2024లో 5,000 నుండి 10,000 అయినది. శాశ్వతమన్న పేరుగల దాని శాశ్వతత్వం ఇంతటిది.

ఇక అసలు విషయం. కర్మను మనవారు నిత్యమనీ నైమిత్తికమనీ విభజించినారు. బ్రహ్మోత్సవానికి పందిరి వేసేవాని పని నైమిత్తికం, వానికి ఒప్పందమే ధర్మం. కర్మాగారంలో ఏడాదికొకమారు యంత్రాలను విప్పి బాగుచేసే పనీ అట్టిదే. కాని ప్రతిదినమూ బూడిద ఎత్తవలసిన చోట, ప్రతి ఉదయమూ ప్రాకారం ఊడ్వవలసిన చోట, పని నిత్యమై ఉండగా మనిషిని మాత్రం నైమిత్తికంగా ఉంచడం ధర్మానికి ద్రోహం. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టపు పదవ సెక్షను సైతం కాంట్రాక్టును నిషేధించే ముందు పని నిరంతర స్వభావం గలదా అని విచారించుమన్నది. ఆధునిక శాసనకర్తలు తెలియకనే మీమాంస చేసినారన్నమాట. పనిలో మరణించినవాని భార్యాపుత్రులకు భత్యమూ వేతనమూ చెందవలెనని కౌటిల్యుడు ఏనాడో వ్రాసినాడు. ఆలయాలలోనే వంటవానికి, ఊడ్చేవారికి, మేళంవారికి ఏండ్ల తరబడి దినకూలి ఇచ్చి, ముఖమండపానికి లక్షలు వెచ్చించే ధర్మకర్తలు ముందుగా దీనికి సమాధానం చెప్పవలెను.

ఒప్పందపు కొలువులో ఉన్న గృహస్థునికి మనువు చెప్పిన ధాన్యసంగ్రహపు మాట ఉపయోగించును. గాదె నిండా ఉన్నవాడు, కుండ నిండా ఉన్నవాడు, మూడు దినాలకు ఉన్నవాడు, రేపటికి లేనివాడు అని నలుగురిని చెప్పి, వారిలో చివరివానిని శ్రేష్ఠునిగా చెప్పినాడు. ఆ శ్రేష్ఠత తపస్సు చేసుకొనేవానికి. పిల్లల చదువు, ఇంటి అద్దె ఉన్నవాడు కనీసం కుంభీధాన్యకుడై, ఆరు మాసాల వ్యయం ప్రక్కన ఉంచిన తరువాతనే మిక్కిలి వేతనాన్ని వేతనంగా లెక్కించుకోవలెను. పిల్లనిచ్చేవారు కూడ పర్మనెంటా అని అడిగి ఊరకుండక, భవిష్యనిధి ఖాతా ఉన్నదా, ఈఎస్ఐ చెల్లుతున్నదా, ఒప్పందం ఎవరి పేర ఎంతవరకు ఉన్నదని అడుగుట మంచిది. గోత్రం ఆ తరువాతనైనా అడగవచ్చును.